8.6 నుంచి 1.2కి వస్తే తగ్గినట్టా? చెరువు రిపోర్టులో పది నెత్తిన ఉండే చిన్న అంకె సంగతి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువు ఉంది. పోయిన వారం నీళ్ళ రిపోర్టులో విబ్రియో (రొయ్యలకి జబ్బు తెచ్చే బాక్టీరియా) 8.6 × 10² అని వచ్చింది, ఈ వారం 1.2 × 10⁴ అని వచ్చింది. "ఎనిమిదిన్నర ఉండేది ఒకటికి దిగింది, వేసిన ప్రోబయోటిక్ పనిచేసింది" అని ఆయన నిశ్చింతగా ఉన్నారు. డిగ్రీ చదువుతున్న మీకేమో అనుమానం. ఇలాంటి అంకెలు ఎలా చదవాలి, ఎలా రాయాలి, ల్యాబ్ వాళ్ళు సాదాగా 860, 12,000 అని రాయకుండా ఈ తిప్పలెందుకు అని కూడా అడిగారు.

తగ్గలేదండి, పెరిగింది. దాదాపు 14 రెట్లు. 8.6 × 10² అంటే 860. 1.2 × 10⁴ అంటే 12,000. రెండూ మిల్లీలీటరు నీళ్ళకి. ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పండి, ల్యాబ్ టెక్నీషియన్‌తో ఇవాళే మాట్లాడమనండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను ఇరవై రెండేళ్ళుగా ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. టెస్ట్ ట్యూబులు కడగడంతో మొదలుపెట్టి ఇప్పుడు రిపోర్టుల మీద సంతకం పెట్టేదాకా వచ్చాను. నాన్నగారు చదివినట్టే చదివి వెళ్ళిపోయిన రైతులు నాకు ఎంతమంది తగిలారో చెప్పలేను. వాళ్ళ తప్పు కాదండి. మన వైపు 'కౌంట్' అన్న మాటకి అర్థమే వేరు. వంద కౌంట్ అంటే కేజీకి వంద రొయ్యలు, యాభై కౌంట్ అంటే కేజీకి యాభై. అంకె దిగేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. అంకె దిగితే సంబరపడటం రైతుకి అలవాటైన పని. పైగా రిపోర్టులో కంటికి లావుగా కనబడేవి 8.6, 1.2. చీమ తలకాయంత ఉన్న ఆ 2, ఆ 4 ఎవరికి ఆనతాయి?

అందుకే ముందు పది నెత్తిన ఉన్న అంకె చూడాలి. ఎదురుగా ఉన్న అంకె ఆ తర్వాతే.

చదవడానికి చిన్నప్పటి వరసే చాలు. ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు, పది లక్షలు, కోట్లు అని వల్లించాం కదా. ఒకట్లని సున్నా అనుకుని వేళ్ళ మీద లెక్కపెట్టండి: పదులు 1, వందలు 2, వేలు 3, పదివేలు 4, లక్షలు 5, పది లక్షలు 6, కోట్లు 7. ఆ వరస నంబరే ఘాతాంకం. 10⁴ కనబడితే 'పదివేలు' అని చదవండి. 1.2 పదివేలు అంటే పన్నెండు వేలు. 8.6 వందలు అంటే ఎనిమిది వందల అరవై. నాన్నగారికి 'ఘాతాంకం' అన్న మాట అక్కర్లేదు. నేను రైతులతో "వందల్లో ఉందండి", "వేలల్లోకి వచ్చిందండి", "పదివేలు దాటేసిందండి" అనే అంటాను. వాళ్ళ మొహంలోనే తెలిసిపోతుంది, అర్థమైందని.

పదేసి రెట్ల మెట్లకి పేర్లు పెట్టడం మనకి కొత్త కాదు. యజుర్వేదంలోనే ఏకం, దశం, శతం, సహస్రం నుంచి పరార్ధం దాకా పదమూడు పేర్లు వరసగా ఉన్నాయి. పరార్ధమంటే 10¹². పేర్లతో చిక్కేమిటంటే, ఎక్కడో ఒకచోట అయిపోతాయి, పైగా ఊరికో రకం. మనం లక్ష, కోటి అంటాం, పాశ్చాత్య దేశాలవాళ్ళు మిలియన్, బిలియన్ అంటారు. కామాలు కూడా ఒకేచోట పడవు, మనకి 12,00,000 అయితే వాళ్ళకి 1,200,000. 1.2 × 10⁶ అని రాస్తే ఎవరి వరసలో వాళ్ళు చదువుకుంటారు.

ఇక మీ రిపోర్టులో ఆ 2, ఆ 4 ఎక్కడినుంచి వచ్చాయో చెబుతాను. ఇది పుస్తకంలో కన్నా మా టేబుల్ మీద బాగా తెలుస్తుంది.

మీ సీసాలోంచి 0.1 మిల్లీలీటరు నీళ్ళు పిపెట్‌తో తీసి, టీసీబీఎస్ అనే ఆకుపచ్చటి జెల్లీలాంటి మీడియా (బాక్టీరియా పెరిగే మేత) పోసిన ప్లేటు మీద పరుస్తాం. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెడితే, మర్నాటికి ప్లేటు మీద చుక్కలు లేస్తాయి. కొన్ని పసుపు, కొన్ని పచ్చ. వాటినే కాలనీలు అంటాం. పోయిన వారం మీ ప్లేటు మీద 86 చుక్కలు వచ్చి ఉంటాయి. 0.1 మిల్లీలీటరులో 86 అంటే మిల్లీలీటరుకి 860.

ఈ వారం కూడా అలాగే చేస్తే పన్నెండు వందల చుక్కలు లేస్తాయి. ఒకదాని మీదొకటి ఎక్కి, ప్లేటుకి దద్దుర్లు వచ్చినట్టు ఉంటుంది. లెక్కపెట్టలేం. అందుకని నీళ్ళని ముందే పలచన చేసి పెట్టుకుంటాం. స్టాండులో ట్యూబులు వరసగా పెట్టి ఒక్కోదాంట్లో 9 మిల్లీలీటర్ల స్టెరైల్ సెలైన్ పోస్తాం. మీ నీళ్ళు 1 మిల్లీలీటరు మొదటి ట్యూబులో కలిపితే పదోవంతు అయింది. అందులోంచి 1 తీసి రెండో ట్యూబులో కలిపితే వందోవంతు. మూడోది వెయ్యోవంతు. ఏ ట్యూబు తాలూకు ప్లేటు మీద చుక్కలు 30కీ 300కీ మధ్య వస్తాయో దాన్నే లెక్కకి తీసుకోవడం మామూలు పద్ధతి. ఈ వారం మీకు మొదటి ట్యూబు ప్లేటు మీద 120 వచ్చి ఉంటాయి. ట్యూబుకి ఒక పది, 0.1 మిల్లీలీటరే తీసుకున్నందుకు ఇంకో పది. 120 × 10 × 10 = 12,000.

అంటే ఒక్కో ట్యూబు దాటినప్పుడల్లా నెత్తిన అంకె ఒకటి పెరుగుతుందన్నమాట. మాకు పది ఘాతం అంటే స్టాండులో ఎన్నో ట్యూబు అని. తప్పు జరిగినా అక్కడే జరుగుతుంది. చేరిన కొత్తలో నేను రెండో ట్యూబు ప్లేటుని మొదటిదనుకుని లెక్క వేశాను. చుక్కలు సరిగ్గానే లెక్కపెట్టాను, ముందు అంకె సరిగ్గానే వచ్చింది. నెత్తిన 4 వేయాల్సింది 3 వేశాను. రైతు సంతోషంగా ఇంటికెళ్ళిపోయాడు. సాయంత్రం మా సీనియర్ ప్లేట్ల మీద మార్కర్ రాతలు చూసి పట్టుకున్నారు. చీకట్లో బండి వేసుకుని గట్టు మీదుగా ఏరియేటర్ల చప్పుడు వినబడేదాకా పోయి, ఆయన్ని లేపి చెప్పొచ్చాను. ముందు అంకెలో తప్పు వస్తే కొంచెం తేడా. నెత్తిన ఒక్క అంకె తప్పితే పది రెట్లు.

వాట్సాప్‌తో జాగ్రత్త. రిపోర్టులోని అంకెని కాపీ చేసి మెసేజ్‌లో పెడితే చాలాసార్లు ఆ చిన్న 4 కిందకి దిగిపోతుంది. 1.2 × 10⁴ కాస్తా 1.2 × 104 అవుతుంది. ఒక రైతుగారబ్బాయి కాలిక్యులేటర్‌లో కొట్టి "124.8 వచ్చింది సార్, సూపర్ కదా" అని నాకు పెట్టాడు. అప్పటినుంచి మెసేజ్‌లో పంపేటప్పుడు మేం 12,000 అనే రాస్తున్నాం, లేదా గొడుగు గుర్తు పెట్టి 10^4 అని. 104, 103 లాంటివి వింతగా కనబడితే, అది వంద పైచిలుకు కాకపోవచ్చని అనుమానించండి. ఎక్సెల్‌లో అయితే 1.2 పక్కన ఇంగ్లీషు 'ఈ' అక్షరం, ప్లస్ గుర్తు, 04 కనబడతాయి. అదీ ఇదే. ఆ 'ఈ' అంటే 'ఇంటూ పది నెత్తిన' అని, అంతే. ఇంటర్ లెక్కల్లో 'ఈ' అని చదివిన స్థిర సంఖ్య 2.718 అనుకుని కంగారుపడినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు నేను చెప్పినదానికే రెండు మినహాయింపులు.

ఒకటి, 9.8 × 10² నుంచి 1.0 × 10³కి పోతే నెత్తిన అంకె మారింది కానీ, నిజానికి 980 కాస్తా 1,000 అయింది. అది పెరగడం కిందే లెక్క కాదు. నెత్తిన అంకె మారగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. ముందు అంకె తొమ్మిది దగ్గరుందా, ఒకటి దగ్గరుందా అని కూడా చూడాలి.

రెండోది మన గోదావరే చెబుతుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. ఇవే 1.0 × 10⁶, 1.3 × 10⁶, 1.7 × 10⁶. మూడింటికీ నెత్తిన 6. అంతా ముందు అంకెలోనే ఉంది. లంకల్లో ఉన్నవాడిని అడగండి, ఒకటికీ ఒకటీ పాయింట్ ఏడుకీ తేడా ఏమిటో. నెత్తిన అంకె సమానమైతే ముందు అంకె ఆడించినట్టే ఆడాలి.

గోదావరి మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చూపిస్తాను, ఈ పద్ధతితో పని ఎంత సులువో తెలుస్తుంది. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. అంటే సెకనుకి 3.5 × 10⁶ ఘనపు అడుగులు. పేపర్లో రోజూ చూసే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, 10⁹. ఒక టీఎంసీ నీరు పోవడానికి ఎంతసేపు? 10⁹ని 3.5 × 10⁶తో భాగించాలి. పైన 9లోంచి 6 తీసేస్తే 10³, దాన్ని 3.5తో భాగిస్తే 286 సెకన్లు. ఐదు నిమిషాలు కూడా లేదు. ఇదే లెక్క సున్నాలు పరుచుకుంటూ చేసి చూడండి, మధ్యలో ఒక సున్నా ఎక్కడో జారిపోతుంది. హెచ్చవేస్తే నెత్తిన అంకెలు కూడాలి, భాగిస్తే తీసెయ్యాలి. కూడికలో మాత్రం ముందు నెత్తిన అంకెలు సమానం చేసుకోవాలి. మీ రెండు రిపోర్టులే కూడితే 0.086 × 10⁴, 1.2 × 10⁴ కలిపి 1.286 × 10⁴. పోయిన వారం మొత్తం ఈ వారం పక్కన చిల్లరైపోయింది.

చిన్న అంకెల దగ్గరికి వస్తే నెత్తిన మైనస్ వస్తుంది. మైనస్ చూడగానే సున్నా కన్నా తక్కువ అనుకుంటారు. కాదు, 'ఎన్నోవంతు' అని చదవాలి. 10⁻² వందోవంతు, 10⁻³ వెయ్యోవంతు, 10⁻⁶ పది లక్షల్లో ఒక వంతు, 10⁻⁷ కోటిలో ఒక వంతు. విబ్రియో పొడవు సుమారు 2 × 10⁻⁶ మీటర్లు, రొయ్యలకి తెల్లమచ్చల జబ్బు తెచ్చే వైట్ స్పాట్ వైరస్ పొడవు సుమారు 3 × 10⁻⁷ మీటర్లు. 3 పెద్దది, 7 పెద్దది కాబట్టి వైరస్సే పెద్దదని మా ల్యాబ్‌కి ట్రైనింగ్‌కి వచ్చిన డిగ్రీ పిల్లలే చెబుతుంటారు. కోటిలో వంతు పది లక్షల్లో వంతు కన్నా చిన్నదని గుర్తుపెట్టుకుంటే ఆ తప్పు రాదు.

చెరువు గట్టు మీద ఈ మైనస్ ఆరుతో రోజూ పని. 1 పీపీఎం అంటే 10⁻⁶, నీళ్ళకైతే లీటరుకి 1 మిల్లీగ్రాము. ఎకరం 4,047 చదరపు మీటర్లు, 4 × 10³ అనుకోండి. మీటరున్నర లోతుకి 6 × 10³ ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 10³ లీటర్లు, కాబట్టి 6 × 10⁶ లీటర్లు. ఏ మందైనా 1 పీపీఎం వేయాలంటే 6 × 10⁶ మిల్లీగ్రాములు కావాలి. కేజీకి 10⁶ మిల్లీగ్రాములు. పైనా కిందా ఆర్లు కొట్టేస్తే 6 కేజీలు. ఎకరానికి మీటరున్నర నీళ్ళుంటే పీపీఎంకి 6 కేజీలని ఒక్కసారి గుర్తుపెట్టుకుంటే, షాపువాడు 60 కేజీలు అన్నప్పుడు మీకు వెంటనే అనుమానం వస్తుంది. వాడు కావాలని అన్నా, సున్నా జారి అన్నా చెరువుకి ఒకటే.

అదే ఎకరం చెరువులో మొత్తం విబ్రియోలు ఎన్నో సరదాకి చూడండి. 6 × 10⁹ మిల్లీలీటర్లు, ఒక్కోదాంట్లో 1.2 × 10⁴. హెచ్చవేస్తే 7.2 × 10¹³. కోటికి 7, లక్షకి 5, కలిపితే లక్ష కోట్లకి 12. కాబట్టి ఇది 72 లక్షల కోట్లు. ఈ అంకె నాన్నగారికి చెప్పకండి, నిద్రపోరు.

మీకు తెలియకుండానే రోజూ వాడుతున్న ఘాతాంకం ఇంకొకటుంది, పీహెచ్. నీళ్ళలో లీటరుకి ఎన్ని మోల్‌ల హైడ్రోజన్ అయాన్లు ఉన్నాయో 10⁻⁸ అని రాస్తే, పది తీసేసి, మైనస్ తీసేసి, మిగిలిన 8నే పీహెచ్ అంటారు. 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త పెట్టిన పద్ధతి ఇది. ఆయన పనిచేసింది కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీవాళ్ళ ల్యాబ్‌లో. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ని వాడేసుకుంటుంది కాబట్టి చెరువు పీహెచ్ పొద్దున 7.8 ఉండి సాయంత్రానికి 8.8కి ఎక్కుతుంటుంది. "ఒక్క పాయింటే కదా" అంటారు. ఆ ఒక్క పాయింటు నెత్తిన అంకెలో ఒకటి. అంటే పది రెట్ల తేడా. రొయ్యకి అది తెలుసు, మనకే తెలియదు.

సాదాగా 12,000 అని ఎందుకు రాయరన్నదానికి ఇంకో కారణం ఉంది. 12,000 చూస్తే ఆ మూడు సున్నాలు లెక్కపెట్టి వేసినవా, ఊరికే స్థానాలు నింపడానికి వేసినవా తెలియదు. 1.2 × 10⁴ అంటే నాకు రెండు అంకెల మీదే నమ్మకం ఉందని చెప్పినట్టు. 1.20 × 10⁴ అంటే మూడింటి మీద. వీటినే సార్థక అంకెలు అంటారు. 120 చుక్కలు లెక్కపెడితే, అదే నీళ్ళతో ఇంకో ప్లేటు వేసినా 110 రావచ్చు, 130 రావచ్చు. ఇలాంటి లెక్కల్లో తేడా సుమారు ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటుంది, 120కి దాదాపు 11. అలాంటప్పుడు ఎవరైనా 12,347 అని రిపోర్టు ఇస్తే అది నిక్కచ్చితనం కాదు, నాటకం. వచ్చే వారం మీకు 1.3 × 10⁴ వచ్చినా, 1.1 × 10⁴ వచ్చినా మారలేదనే అనుకోండి.

పరీక్షకి కావలసింది రెండు ముక్కలే. ముందు అంకె 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి, 10 కన్నా తక్కువ ఉండాలి. చుక్క ఎడమకి ఎన్ని గెంతులు గెంతితే నెత్తిన అంత, కుడికి గెంతితే అంత మైనస్. 35,00,000 అయితే ఆరు గెంతులు ఎడమకి, 3.5 × 10⁶. 0.00045 అయితే నాలుగు కుడికి, 4.5 × 10⁻⁴. 12 × 10³ అని రాస్తే విలువ తప్పు కాదు కానీ ప్రామాణిక రూపం కాదు, మార్కు పోతుంది.

మళ్ళీ మీ చెరువు దగ్గరికి. 14 రెట్లు అన్నాను కానీ, అదంతా చెరువులోనే పెరిగిందని నేను ప్రమాణం చేయను. ఈ జీవులు రెట్టింపు రెట్టింపుగా పెరుగుతాయి. పదిసార్లు రెట్టింపైతే 1,024, అంటే దాదాపు 10³. సీసా ఎండలో బండి డిక్కీలో ఉండి, అరగంటకోసారి రెట్టింపైందనుకోండి, రెండు గంటలకే నాలుగు రెట్టింపులు, 16 రెట్లు. పొద్దున్నే శాంపిల్ పట్టి, దార్లో టిఫిన్ తిని, బ్యాంకు పని చూసుకుని మధ్యాహ్నం ల్యాబ్‌కి తెచ్చేవాళ్ళని నేను వారానికి నలుగురిని చూస్తాను. ఐసు డబ్బాలో తెమ్మంటే నవ్వుతారు.

కాబట్టి మీరు మూడు విషయాలు కనుక్కుని ఇక్కడే రాయండి: ఈ వారం శాంపిల్ ఎన్నింటికి పట్టారు, ల్యాబ్‌లో ఎన్నింటికి ఇచ్చారు, రిపోర్టులో పసుపు కాలనీలు, పచ్చ కాలనీలు విడివిడిగా వేశారా లేదా. వీలైతే రేపు పొద్దున ఇంకో సీసా పట్టి, ఐసులో పెట్టి గంటలోపు ల్యాబ్‌కి చేర్చమనండి. ఆ రిపోర్టు వచ్చాక ఫోటో పెట్టండి, కాపీ చేసి టైపు చేయకండి.